మూడు తరాల సున్నపురాయి క్వారీ చరిత్ర రాయాలంటే ట్రంకుపెట్టెలో ఏ కాగితం ముందు తీయాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్తాను, మిగతా చదివేవాళ్లకీ విషయం తెలియాలి కదా. మీ తాతగారు విశాఖలో సున్నం బట్టీతో మొదలుపెట్టి, తర్వాత అనంతగిరి కొండల్లో సున్నపురాయి తీయించారు. ఆయన తర్వాత మీ నాన్నగారు, బాబాయిగారు నడిపారు. తొంభైల్లో పని ఆగిపోయింది. ఇంట్లో ట్రంకుపెట్టె నిండా కాగితాలున్నాయి. పిల్లల కోసం ఆ వ్యాపారం చరిత్ర రాద్దామనుకుంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. పనిలో పనిగా, "లీజు ఇంకా మన పేరు మీదే ఉంది" అని బాబాయిగారు అంటున్నారు, అది నిజమేనా అని అడిగారు.

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే అందులో డబ్బు పోయే ప్రమాదం ఉంది. అనంతగిరి మండలం షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల భూమికి రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. మీది గిరిజనేతర కుటుంబమైతే ఆ లీజు ఇప్పుడు లేదు, మళ్లీ రాదు. "రెన్యువల్ చేయిస్తాం, పై ఖర్చులకి కొంత ఇవ్వండి" అంటూ ఎవరైనా వస్తే రూపాయి కూడా ఇవ్వకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

ఇక చరిత్ర సంగతి. తాతగారి కథతో మొదలుపెట్టకండి. ముందు లీజు పత్రం తీసి, అందులో భూమి వివరాలున్న షెడ్యూలు, దానికి జతచేసిన స్కెచ్ చూడండి. తర్వాత రాయల్టీ, డెడ్ రెంట్ రసీదులు, లారీల పర్మిట్లు. ఆ తర్వాత కూలీల మస్తర్లు, అంటే హాజరు పుస్తకాలు. వీటిని తారీఖుల వారీగా పేర్చుకున్నాకే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ముందే వాళ్లని అడిగితే వాళ్లకి నచ్చిన నాలుగు సంగతులు చెప్పి ఊరుకుంటారు. కాగితం చేతిలో పెట్టుకుని "ఈ రెండేళ్లు రాయి ఎందుకు కదల్లేదు?" అని అడిగి చూడండి, అసలు విషయం అప్పుడు బయటికొస్తుంది.

నేను మైనింగ్ సర్వేయర్‌గా పని మొదలుపెట్టాను. తర్వాత చాలా ఏళ్లు లీజు కాగితాలు, మైనింగ్ ప్లాన్ల పని చూశాను. ఉత్తరాంధ్రలోనూ, పల్నాడులోనూ రాయి మీద బతికిన కుటుంబాల పెట్టెలు కొన్ని నా చేతుల మీదుగా తెరిచాను. అందులో నాకు బలంగా అనిపించింది ఒకటే. క్వారీ కుటుంబం ఎదగడం, తగ్గడం యజమాని తెలివితేటల మీద కన్నా ఆ రాయి ఎవరు కొన్నారు, ఏ సంవత్సరంలో ఏ చట్టం వచ్చింది, కొండ మీద ఎవరు పనిచేశారు అన్న వాటి మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఆ మూడూ లేకుండా రాస్తే అది తాతగారి మీద వ్యాసం అవుతుంది గానీ వ్యాపారం చరిత్ర కాదు.

మొదట, అది ఏ రాయో తేల్చుకోండి. విశాఖ ఊరి చుట్టూ ఉన్న కొండలు ఖోండలైటు, చార్నొకైటు అనే రాళ్లవి. వాటిని కాలిస్తే సున్నం రాదు. కాబట్టి ఊళ్లో మీ తాతగారి తొలి బట్టీలో కాలింది బయటి నుంచి తెచ్చిన రాయైనా అయ్యుండాలి, లేదా గుల్ల అయినా అయ్యుండాలి. సముద్రం ఒడ్డు ఊళ్లలో గుల్ల సున్నం కాల్చడం పాత పద్ధతే. పాత లెక్కపుస్తకంలో "గుల్ల" అని బస్తాల్లో కొన్న పద్దులు ఉన్నాయేమో చూడండి. అనంతగిరి, బొర్రా వైపు రాయి వేరు. భూమి లోపల విపరీతమైన వేడికి, ఒత్తిడికి లోనై స్ఫటికాలు కట్టిన సున్నపురాయి అది. పగలగొడితే విరిగిన వైపు పంచదార పలుకుల్లా మెరుస్తుంది. పల్నాడు రాయి నున్నగా, బూడిద నీలం రంగులో, పొరలు పొరలుగా ఉంటుంది. ఇంట్లో పాత రాయి ముక్క ఏదైనా మిగిలి ఉంటే పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక చుక్క వేయించండి. సున్నపురాయైతే వెంటనే బుసబుసా పొంగుతుంది. మెగ్నీషియం కూడా ఉండే డోలమైటు అయితే పొడి చేస్తే గాని సరిగ్గా పొంగదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా మాత్రం చేయకండి. కాలేజీ ల్యాబ్‌లో చేయిస్తే ఇంకా మంచిది.

లెక్కపుస్తకంలో మరో సంగతి దొరుకుతుంది. శుద్ధమైన సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది. నూరు టన్నుల రాయికి 56 టన్నుల నీళ్లు తగలని సున్నం వస్తుంది, అంతకు మించి రాదు. నీళ్లు చల్లి విరిస్తే ఆ 56 టన్నులే 74 అవుతాయి. మీ పుస్తకంలో రాయి ఎంత దించారు, సున్నం ఎంత అమ్మారు అన్నది పక్కపక్కన రాసి చూడండి. సగం కన్నా బాగా తక్కువ వస్తుంటే రాయిలో మట్టి, సిలికా ఎక్కువై పనికిరాని ముక్కలు ఏరి పారేసి ఉండొచ్చు. లెక్కకు మించి వస్తుంటే సాధారణంగా మూడు కారణాల్లో ఒకటి: సరిగ్గా కాలని రాయి కలిపి అమ్మారు, విరిసిన సున్నం తూచారు, లేదా రాయల్టీ తగ్గించుకోవడానికి రాయి తక్కువ చూపించారు. మూడో కారణం కనబడితే దాచకండి. ఆ రోజుల్లో అది అరుదేమీ కాదు, పిల్లలకి తెలియాల్సిన విషయమే.

ఒకే రాయికి రెండు చట్టాలు. పెట్టెలో కాగితాలు గందరగోళంగా కనిపించడానికి ఇదే పెద్ద కారణం. 1957 నాటి గనుల చట్టం కింద సున్నపురాయి ప్రధాన ఖనిజం. కానీ ఇళ్లు కట్టే సున్నం కోసం బట్టీలో కాల్చే రాయిని మాత్రం ఆ రోజుల్లో చిన్న ఖనిజంగా లెక్కేసేవారు. దానికి రాష్ట్రం చేసిన 1966 నాటి నియమాలు, సీనరేజి ఫీజు (చిన్న ఖనిజం తీసినందుకు రాష్ట్రానికి కట్టే రుసుము) వర్తించేవి. ఫ్యాక్టరీకి వెళ్తే రాయల్టీ, నాగపూర్‌లోని ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్‌కి రిటర్నులు, పెద్ద ఫారంలో లీజు పత్రం. కాబట్టి సీనరేజి రసీదులు ఆగిపోయి రాయల్టీ చలాన్లు మొదలైన సంవత్సరం ఏదో పట్టుకోండి. తాతగారు బట్టీ వ్యాపారం నుంచి ఫ్యాక్టరీలకి రాయి సరఫరా చేసే స్థాయికి వెళ్లింది ఆ సంవత్సరమే. సున్నపురాయి, డోలమైటు గని కార్మికుల సంక్షేమ నిధి కోసం 1972లో ఒక చట్టం వచ్చింది. ఫ్యాక్టరీకి వెళ్లిన రాయి మీద దాని కింద సెస్సు పడేది. ఆ సెస్సు ప్రస్తావన ఏ కాగితంలో కనిపించినా అది గట్టి సాక్ష్యం.

డెడ్ రెంట్ గురించి కూడా తెలుసుకోవాలి, చాలామంది ఆ రసీదులు పనికిరానివని పారేస్తారు. రాయి తీసినా తీయకపోయినా లీజు భూమికి ఏటా కట్టాల్సిన కనీస మొత్తం అది. రాయల్టీ, డెడ్ రెంట్ రెండింట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి. కాబట్టి డెడ్ రెంట్ మాత్రమే కట్టిన ఏడాది పని పడుకున్న ఏడాది. ఒక కుటుంబంలో అలాంటి ఏళ్లు వరసగా కనిపిస్తే, పెద్దావిణ్ణి ఆ తారీఖులతో అడిగాను. భర్త మంచాన పడ్డారని, పేలుడులో ఒక కుర్రాడి కన్ను పోయిందని, ఆ తర్వాత కూలీల ముఠా కొండెక్కనంటే ఎక్కనందని చెప్పింది. అంతవరకూ ఆ ఇంట్లో పిల్లలెవరికీ ఆ సంగతి తెలియదు.

ఎవరు కొన్నారు? మీ బాబాయిగారి తరం వాళ్లు తరచూ "స్టీల్ ప్లాంటుకి మనమే రాయి ఇచ్చాం" అంటుంటారు. బిల్లు చూడకుండా రాయకండి. విశాఖ ఉక్కు కర్మాగారానికి జగ్గయ్యపేట దగ్గర సొంత సున్నపురాయి గని ఉంది. ఉక్కు కరిగించే దగ్గర వాడే తక్కువ సిలికా రాయి కొంత ఓడల్లో విదేశాల నుంచి వచ్చేది. చిన్న కుటుంబాలు సున్నం అమ్మింది ఎక్కువగా వేరే చోట్ల. అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండేవాళ్లు చెరకు రసంలో మురికి తేల్చడానికి సున్నం వాడతారు. చక్కెర ఫ్యాక్టరీలకీ రసం శుద్ధికి సున్నమే కావాలి. సంక్రాంతి ముందు ఊళ్లన్నీ వెల్ల వేస్తాయి. గానుగ సున్నంతో గోడలు కట్టినంత కాలం మేస్త్రీలు కొనేవారు. అమ్మకాల పుస్తకం నెలల వారీగా విడదీస్తే ఎవరి మీద ఆధారపడ్డారో తెలిసిపోతుంది. నేను చూసిన ఒక పుస్తకంలో చెరకు గానుగలు ఆడే నెలల్లో పేజీలు నిండి ఉన్నాయి, వానాకాలం పేజీలు దాదాపు ఖాళీ.

సిమెంటు వచ్చి సున్నాన్ని మింగేసింది అని అందరూ ఒక్క ముక్కలో రాసేస్తారు. కానీ అది ఒక్క రోజులో జరగలేదు. సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణ ఉన్నన్నాళ్లూ బస్తా దొరకడం కష్టంగా ఉండేది, దానివల్ల సున్నానికి గిరాకీ నిలిచింది. 1982లో నియంత్రణ పాక్షికంగా, 1989లో పూర్తిగా ఎత్తేశారు. మీ పుస్తకంలో మేస్త్రీల పేర్లు ఏ సంవత్సరం నుంచి తగ్గాయో ఈ రెండు తేదీల పక్కన పెట్టి చూడండి.

లీజు ఎందుకు పోయిందో పూర్తిగా రాయండి. "కోర్టు తీసేసింది" అని మీ నాన్నగారు అనేవారని రాశారు. అది నిజమే కానీ, దాని వెనక చాలా ఉంది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. 1959లో ఆంధ్రప్రదేశ్ భూబదలాయింపు నిబంధన తెచ్చింది. 1970లో దాన్ని గట్టిపరిచారు, మన వైపు అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. అయినా మైనింగ్ లీజులు గిరిజనేతరులకి వస్తూనే ఉన్నాయి, ఎందుకంటే ప్రభుత్వ భూమికి ఇది వర్తించదని వాదించేవారు. బొర్రా పంచాయతీ ప్రాంతంలో ఇలాంటి లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1997 జులై 11న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరి మెజారిటీతో తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదు, రెన్యువల్ అంటే కొత్తగా ఇవ్వడమే కాబట్టి అదీ కుదరదు అని తేల్చారు. ప్రభుత్వ సంస్థగానీ గిరిజన సహకార సంఘాలుగానీ తవ్వుకోవచ్చన్నారు. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత గిరిజనుల నీళ్లు, బడి, ఆసుపత్రి, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పెట్టాలన్నారు.

మీ నాన్నగారికి అది నష్టం. బట్టీ ఆగింది, లారీల అప్పు మిగిలింది, ఆ బాధను నేను తక్కువ చేయడం లేదు. కానీ అదే తీర్పు ఆ కొండల్లో పోడు చేసుకునేవాళ్లకి తమ భూమి తమదే అన్న ధైర్యం ఇచ్చింది. దేశంలో ఏ మూల గిరిజన భూముల తగాదా వచ్చినా ఇప్పటికీ ఈ తీర్పు గురించి మాట్లాడతారు. మీరు ఒక కుటుంబం చరిత్ర రాస్తున్నారు సరే, ఆ కుటుంబం తవ్విన కొండ కింద ఇంకొన్ని కుటుంబాలున్నాయి. వాళ్ల సంగతి రాయకపోతే లీజు ఎందుకు పోయిందో మీ పిల్లలకి ఎప్పటికీ అర్థం కాదు. కుదిరితే ఆ ఊళ్లకి వెళ్లండి. అప్పట్లో రాయి కొట్టినవాళ్లలో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే కూర్చుని మాట్లాడండి. వినడానికే వచ్చామని, లీజు కోసం కాదని మొదటే చెప్పండి. ఆ అనుమానం వాళ్లకి తప్పకుండా వస్తుంది.

మస్తర్లు. నా దృష్టిలో పెట్టెలో అన్నిటికన్నా విలువైనవి ఇవే. ఒక కుటుంబం చెదలు పట్టిన గుడ్డ అట్ట పుస్తకం తెచ్చి, పారేయమంటారా అని అడిగింది. ఎడమ పక్క పేర్లు, చాలావాటికి ఇంటిపేరు లేదు, ఊరి పేరే ఉంది. తర్వాత హాజరు గీతలు, అడ్వాన్సు, సంత రోజు ఇచ్చిన డబ్బు. కుడి చివర ఊదారంగు సిరాలో వేలిముద్రలు. మగవాళ్ల ముద్రల్లో గీతలు స్పష్టంగా ఉన్నాయి. బట్టీ దగ్గర సున్నం ఎత్తిన ఆడవాళ్ల ముద్రల్లో మాత్రం గీతల్లేవు, నున్నటి మచ్చలు. సున్నం చర్మాన్ని తినేస్తుంది, వేలి గీతలు అరిగిపోతాయి. ఆ పేజీని భూతద్దంతో చూపించాక వాళ్లు ఆ పుస్తకాన్ని బ్యాంకు లాకర్లో పెట్టుకున్నారు.

మస్తర్లో చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మగవాళ్ల కూలి, ఆడవాళ్ల కూలి తేడా చూడండి. సమాన వేతన చట్టం 1976లో వచ్చింది, తర్వాత కూడా తేడా కొనసాగిందా? అడ్వాన్సు గడి చూడండి. ఒకే మనిషి పేరు పక్కన ఏళ్ల తరబడి బాకీ తీరకుండా ఉంటే, ఆయన మీ దగ్గర ఇష్టపడి పనిచేశాడా, అప్పు తీరక ఉండిపోయాడా అన్న ప్రశ్న మీరు వేసుకోవాలి. సమ్మెట పట్టినవాళ్లు, జంపరు (రాయికి రంధ్రం వేసే ఇనుప కడ్డీ) కొట్టినవాళ్లు, మోత మోసినవాళ్లు వేర్వేరు వరసల్లో ఉంటారు. తూటాలు పేల్చింది ఎవరు, బ్లాస్టర్ సర్టిఫికెట్ ఎవరి పేరున ఉంది, అసలు ఉందా అన్నది బాబాయిగారిని సూటిగా అడగండి.

స్కెచ్ విషయంలో ఒక జాగ్రత్త. లీజు స్కెచ్ హద్దురాళ్లను గ్రామ పటం మీద, ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద ఒక సర్వేయర్ చేత పెట్టించి చూడండి. గుంత లీజు హద్దు దాటి ఉండటం చాలాచోట్ల చూశాను. మీది కూడా అలా ఉంటే ఉన్నది ఉన్నట్టు రాయండి. ఊళ్ల పేర్లు, జిల్లా పేర్లు చూసి కంగారుపడకండి. 1985కి ముందు తాలూకాలు, తర్వాత మండలాలు. 2022 ఏప్రిల్ నుంచి అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. లీజు 1948కి ముందుదైతే అది జమీందారీ ఎస్టేటు ఇచ్చిన పత్రం కూడా కావచ్చు, అప్పుడు ఖనిజం మీద హక్కు ఎవరిదన్నది వేరే అధ్యాయం.

ఒకవేళ లీజు షెడ్యూల్డ్ ప్రాంతం బయట, పల్నాడు లాంటి చోట ఉంటే? అప్పుడు కూడా బాబాయిగారి ఆశ నిలబడేది కష్టమే. ప్రధాన ఖనిజం లీజులో రెండేళ్లు వరసగా తవ్వకం ఆగితే లీజు రద్దయిపోతుంది. మీ పని తొంభైల్లోనే ఆగింది. ఆపైన 2015 జనవరి 12 నుంచి కొత్త లీజులు వేలం ద్వారానే ఇస్తున్నారు. పని నడుస్తున్న పాత లీజులకి 50 ఏళ్ల గడువో, సొంత ఫ్యాక్టరీ ఉంటే 2030 మార్చి దాకా, లేకపోతే 2020 మార్చి దాకానో పొడిగింపు దొరికింది. మూతపడ్డ గనికి ఇవేవీ వర్తించవు.

పెట్టెలో లేని కాగితాల కోసం గనుల శాఖ జిల్లా ఆఫీసుకి 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. సర్వే నంబరు, ఊరి పేరు, సుమారు సంవత్సరం రాయకపోతే "దొరకలేదు" అన్న జవాబే వస్తుంది. రిజిస్టరైన లీజైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు అడగొచ్చు. ఆన్‌లైన్ ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) సాధారణంగా 1983 నుంచే కనిపిస్తుంది, అంతకు ముందువి ఆఫీసులో చేత్తో వెతికించాలి.

కాగితాలకి లామినేషన్ చేయించకండి, సిరా పాడవుతుంది, మళ్లీ ఊడదీయలేరు. గుడ్డ మీద గీసిన స్కెచ్‌ని మడత మీద మడత పెట్టకుండా గొట్టంలా చుట్టి ఉంచండి. గుండుసూదులు తీసేయండి, తుప్పు పడుతుంది. ప్రతి కాగితాన్నీ రెండు వైపులా ఫొటో తీయండి, సీళ్లు, చేతిరాత నోట్లు చాలావరకు వెనకే ఉంటాయి.

లీజు పత్రం మొదటి పేజీ, షెడ్యూలు పేజీ మాత్రం పేర్లు కనబడకుండా చేసి ఇక్కడ పెట్టండి. అది ప్రధాన ఖనిజం లీజా, చిన్న ఖనిజం లీజా, ఏ సంవత్సరం నియమాల కింద ఇచ్చిందో చూసి చెప్తాను. అక్కడి నుంచి మీ మొదటి అధ్యాయం తారీఖులు కలిసి వేసుకుందాం.